వాసన లేని గాలి

"విన్నావా," అంది అత్తగారు పొయ్యితో. "దిగనన్నాడట."

పొయ్యి ఏమీ అనలేదు. తొమ్మిది రోజులుగా దానిది ఇదే పని. కోడలితో మాటలు మానేసినప్పట్నుంచీ ఆవిడ కోడలికి చెప్పాల్సినవన్నీ పొయ్యికీ, కుళాయికీ, గోడ గడియారానికీ చెబుతోంది. ఆ మాటలు భరించలేక గడియారం రోజుకి పది నిమిషాలు ముందుకి పరిగెడుతోంది పాపం.

"ఎవరు దిగనన్నారు?" అంది కోడలు, బూట్ల లేసు కట్టుకుంటూ.

"ఆ క్రేను జోలికి పోవద్దని నేనెప్పుడో చెప్పాను," అంది అత్తగారు కుళాయి కట్టేస్తూ, కుళాయితోనే. "నా మాట ఎవరిక్కావాలి."

"ఎందుకు పోవద్దో కూడా చెప్తే వినేదాన్నేమో."

"పాలు పొంగుతున్నాయి చూసుకో," అంది అత్తగారు పొయ్యితో.

చివరికి సంగతి చెప్పింది మొగుడు. రేవులో లాగుబుక్కు, అంటే రోజువారీ పుస్తకం, రాసే గుమాస్తా ఫోను చేశాడట. మావగారు ఎప్పట్లాగే తెల్లారి అయిదున్నరకి క్రేను ఎక్కాడు. ఆరున్నరకి మైకులో ఊరుచూపు చెప్పాడు. ఆ తర్వాత పైగది అడుగు తలుపుకి లోపల గడియ పెట్టేసుకున్నాడు. ఎనిమిదయింది, ఎంత బతిమాలినా దిగనంటున్నాడు.

"ఎక్కేటప్పుడే కోపంగా ఉన్నాడట. చెప్పు విప్పి గుమాస్తా మీదికి విసిరాడట."

"ఇవాళా?"

"ఇవాళే."

కోడలు కట్టిన లేసు విప్పి, మళ్ళీ కట్టింది. ఏదో ఒకటి గట్టిగా బిగించకపోతే ఆవిడ అరిచేసేట్టుంది.

పది గంటలకి తనిఖీ ఆఫీసరు వస్తాడు. ఏడాదికి ఒక్కసారే వస్తాడాయన. మూడేళ్ళు కింద నిలబడి ఎర్రజెండా, పచ్చజెండా ఊపింది కోడలు. నాలుగు నెలలుగా మావగారి పక్కన కూర్చుని లీవర్లు తిప్పడం నేర్చుకుంది. ఇవాళ ఆఫీసరు ముందు ఒక బరువు ఎత్తి దించాలి. "ఈ అమ్మాయికి నేనే నేర్పాను, ఇన్ని గంటలు నా కళ్ళ ముందు పనిచేసింది" అని మావగారు పుస్తకంలో సంతకం పెట్టాలి. అప్పుడు ఆ పైగది ఆవిడది. లేకపోతే ఆ ఉద్యోగం అవతలి ఒడ్డు నుంచి వచ్చే ఎవడో మగమహారాజుది. కోడలు మళ్ళీ జెండాలు ఊపుకోవాలి, భుజాలు పట్టుకుపోయేదాకా.

"మీరైనా ఎక్కి దింపొచ్చుగా," అంది మొగుణ్ణి.

మొగుడు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాడు. చాలా మంచివాడు. కానీ ఎత్తంటే ఎంత భయమంటే, పెళ్ళిలో పీట ఎక్కడానికి కూడా ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చిందని చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

"నేను కింద నిలబడతాలే," అన్నాడు.

*

ఆ క్రేను గురించి చెప్పాలంటే ముందు గాలి గురించి చెప్పాలి.

సరస్సు ఒడ్డున ఊరు. సరస్సంటే చిన్నాచితకాది కాదు. అవతలి ఒడ్డున ఎవరైనా ఆవలిస్తే ఇవతలి ఒడ్డున మర్నాటికి నిద్రొస్తుంది, అంత వెడల్పు. దాని మీదుగా పడవల్లో బొగ్గూ, తుక్కు ఇనుమూ, సున్నపురాయీ వస్తాయి. అవన్నీ ఎత్తి ఒడ్డున పెట్టేది ఈ ఒక్క క్రేనే. నూట నలభై మెట్ల నిచ్చెన, పైన బీరువా అంత గది.

బరువు గాల్లో వేలాడుతున్నప్పుడు గట్టి గాలి వీచిందంటే కింద మనుషులు తప్పుకోవాలి. క్రేను నెత్తిన ఒకప్పుడు గాలిని చూపించే రెక్క ఉండేది. అది తుఫానులో ఎగిరిపోయి ఎవరి పెరట్లోనో పడింది, వాళ్ళు దాన్ని తిరిగివ్వలేదు. అప్పట్నుంచీ క్రేను మీద కూర్చున్నవాడే పొద్దున్నే నాలుగువైపులా ఊరి పొగగొట్టాలు చూసి, ఏ పొగ ఎటు వాలిందో మైకులో చెప్పాలి. దాన్నే ఊరుచూపు అంటారు. కింద గుమాస్తా దాన్ని లాగుబుక్కులో ఎక్కిస్తాడు.

ఊరుచూపు రేవు కోసం పెట్టింది. కానీ మైకు గట్టిది. బట్టలు ఎటువైపు ఆరేసుకోవాలో, ఏ కిటికీ మూసుకోవాలో ఊరంతా దాన్ని వినే తేల్చుకుంటుంది. పైగా మావగారు ఉత్త పొగతో సరిపెట్టే మనిషి కాదు. "ఇవాళ సరస్సు మీద పొగమంచు ఎంత చిక్కగా ఉందంటే, జాలరి ఒకడు దాని మీదే వల ఆరేసుకున్నాడు" అంటాడు. అందుకే రేవులో ఆయన పేరు రేడియో.

ఆ రేడియో ఇప్పుడు ఇంటి సంగతులు ప్రసారం చేస్తోంది.

"ఊరి జనాలారా," అంటోంది మైకు, సబ్బు ఫ్యాక్టరీ వీధి మీదా, రైలు గేటు మీదా, బడి మీదా. "ఎనిమిదింబావయింది. మా కోడలు ఈపాటికి సైకిలెక్కి ఉంటుంది. దాని కోపం సైకిలు బెల్లు కంటే ముందొస్తుంది. కాస్త దారివ్వండి."

కోడలు అప్పుడే సబ్బు ఫ్యాక్టరీ వీధిలో తొక్కుతోంది. డబ్బాలు మోస్తున్న ఆడవాళ్ళు నవ్వుకుంటూ పక్కకి తప్పుకున్నారు. ఒకావిడ చెయ్యి చాపి మరీ దారి చూపించింది. తల ఎత్తకుండా, పళ్ళు నూరుకుంటూ తొక్కింది కోడలు. వెనక మొగుడు రొప్పుతూ నడిచి వస్తున్నాడు.

"నిన్న రాత్రి కూరలో ఉప్పు వెయ్యలేదు," అంది మైకు. "అదీ నా మీద కోపంతోనే."

రైలు గేటు దగ్గర గేటుమాను అడిగాడు, "నిజంగానే వెయ్యలేదా అమ్మా?"

"వేశాను," అంది కోడలు, సైకిలు దిగకుండా.

*

క్రేను కింద గుమాస్తా ఒక చేతిలో వాకీటాకీ, ఒక చేతిలో మావగారి చెప్పు పట్టుకుని కూర్చున్నాడు. గుమాస్తాకి చెవులు సరిగ్గా వినపడవు, మోకాళ్ళు సరిగ్గా వంగవు. నోరు మాత్రం బాగా తిరుగుతుంది.

"ముప్పై ఏళ్ళ స్నేహం," అన్నాడు చెప్పు చూపిస్తూ. "చివరికి చెప్పు విసిరాడు. ఇంకో చెప్పు కూడా విసిరితే జత అయ్యేది, తొడుక్కునేవాణ్ణి."

"ఏమన్నావు బాబాయ్ ఆయన్ని?"

"ఏమీ అన్లా. ఎక్కుతున్నాడు. సగంలో ఆగాడు. చెప్పొచ్చి నా పక్కన పడింది. పైకెళ్ళి ఊరుచూపు చెప్పాడు. అంతే."

"కోపం ఎందుకొచ్చిందో?"

"ఎందుకేముంది. ఇవాళ్టితో తన గది కోడలి చేతికి పోతుంది. నీకు సంతకం పెట్టడం ఇష్టంలేదు, అదీ సంగతి. రేవులో అంతా అదే అనుకుంటున్నారు."

మొగుడు నిచ్చెన పట్టుకుని మూడు మెట్లు ఎక్కాడు. నాలుగో మెట్టు మీద కాలు పెట్టబోయి, కిందికి చూసి, మళ్ళీ మూడూ దిగాడు.

"గాలి ఎక్కువగా ఉంది," అన్నాడు. ఆకు కదలడం లేదు.

కోడలు అతన్ని పక్కకి జరిపి నిచ్చెన పట్టుకుంది.

ఇరవై మెట్లు ఎక్కేసరికి గోదాముల రేకులు కనిపించాయి, వాటి మీద పగటినిద్ర పోతున్న పిల్లులు. నలభై దగ్గర ఆవిడ అరచెయ్యి చప్పున అంటుకుపోయింది. తనిఖీ వస్తోందని నిన్న సాయంత్రం నిచ్చెన నడుమ పాత మెట్లు కోసేసి కొత్తవి అతికారు. పసుపు రంగు ఇంకా ఆరలేదు. పైగా మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎడం మునుపటంత లేదు. కాలు పెట్టిన చోట మెట్టు లేదు, లేదనుకున్న చోట తగులుతోంది. అతికినవాణ్ణి తిట్టుకుంటూ, రెండు చేతులూ మణికట్ల దాకా పసుపు చేసుకుంటూ ఎక్కింది.

ఎనభై మెట్ల దగ్గర ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఊరు విప్పిన దుప్పటిలా పరుచుకుంది.

ఉత్తరాన తోళ్ళ ఫ్యాక్టరీ. దాని వాసనకి కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటారు, పాతవాళ్ళు అది రాని రోజున ఫ్యాక్టరీ మూతపడిందేమోనని కంగారుపడతారు. తూర్పున చక్కెర మిల్లు. దాని చుట్టుపక్కల ఇళ్ళల్లో కాఫీలో చక్కెర వెయ్యరట, గ్లాసు కిటికీలో పెడితే చాలట. దక్షిణాన సబ్బు ఫ్యాక్టరీ. వాన పడితే ఆ వీధిలో మురిక్కాలువ కూడా నురగలు కక్కుతుంది. వాటి మధ్య రైలుపట్టాలు, కార్మికుల మేడలు, బడి, ఆసుపత్రి, ఇనుము కరిగించే కొలిమి, మేడల మీద ఆరేసిన బట్టలు. వాళ్ళ మేడ కూడా కనిపించింది. దాని మీద ఒక మనిషి, చీమంత. అత్తగారు. బట్టలు ఆరేస్తోంది కాబోలు.

ఇల్లు తగలడుతుంటే ఈవిడకి బట్టల గోల, అనుకుంది కోడలు, మిగతా అరవై మెట్లూ ఆ కోపంతోనే ఎక్కేసింది.

*

"గడియ తియ్యండి మావయ్యా."

"ఎవరూ?"

"మీరు ఊరంతటికీ చాటింపు వేసిన కోడల్నే."

గడియ చప్పుడయింది. కోడలు లోపలికి దూరి, తలుపు మూసి, రెండో కుర్చీలో కూలబడింది. ముందూ వెనకా అద్దాలు. మధ్యలో ముప్పై ఏళ్ళ చేతి రాపిడికి నున్నబడ్డ లీవర్లు. పడమటి అద్దం నిండా సరస్సే, ఎండకి వెండిపళ్ళెంలా.

మావగారు కాళ్ళు మడుచుకుని కూర్చున్నాడు. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు.

"కూరలో ఉప్పు లేదా?" అంది కోడలు.

"కొంచెం తక్కువైంది."

"నా మీద ఇష్టం లేకపోతే ఇంట్లో చెప్పాల్సింది. నాలుగు నెలలు పక్కన కూర్చోబెట్టుకుని, నా చేత పని చేయించుకుని, ఇవాళ గడియ పెట్టుకుంటారా? ఇంట్లో అత్తయ్య పొయ్యితో మాట్లాడుతుంది. ఇక్కడ మీరు మైకుతో మాట్లాడతారు. మీ అబ్బాయి మూడో మెట్టు మీద గాలితో మాట్లాడుతున్నాడు. ఈ ఇంట్లో మనిషితో మాట్లాడే మనిషే లేడా?"

"నిన్నొద్దని నేనెప్పుడన్నాను?"

"అనక్కర్లేదు. చెప్పు విసిరారుగా."

"నేనా?" అన్నాడాయన.

"కాక నేనా? ఇదిగో, మీ కోసం ఎక్కి వచ్చినందుకు నా చేతులు చూడండి."

రెండు చేతులూ ఆయన మొహం ముందు చాపింది. అరచేతుల నుంచి మణికట్ల దాకా మిలమిలలాడే పసుపు.

"క్రేను మసి మంచిదేనమ్మా," అన్నాడు మావగారు, ఆ చేతుల వైపే చూస్తూ. "అంటుకుంటేనే పనొచ్చినట్టు. గుడ్డ పెట్టి తుడుచుకో, పోతుంది."

కోడలు చేతులు దించలేదు.

కింద ఎక్కడో రైలింజను కూత పెట్టింది.

"మావయ్యా. నా చేతులు ఏ రంగులో ఉన్నాయి?"

మావగారు మొహం తిప్పుకున్నాడు. ఊరిలో ఆయనకి తెలియని కబురు లేదు, ఆయన కట్టని కథ లేదు. ఇప్పుడు మాత్రం లీవరు పిడిని అరచేత్తో రుద్దుతూ కూర్చున్నాడు.

"చెప్పు నేను విసర్లేదమ్మా," అన్నాడు. "జారిపోయింది. నిన్నటిదాకా ఆ మెట్లన్నీ నా కాళ్ళకి తెలుసు. ఎవడో మార్చాడు. కాలు పెట్టాను, కింద మెట్టు లేదు. చేతుల మీద వేలాడాను. ఎలాగో పైకొచ్చిపడ్డాను. దిగడం నా వల్ల కాదు."

"ఎప్పట్నుంచీ?"

"పోయినేడు వానాకాలం నుంచీ. మొదట పొగమంచు అనుకున్నా. ఎండలు వచ్చినా ఆ మంచు విడవలేదు. పెద్ద పెద్దవి మసగ్గా తెలుస్తాయి. వెలుగూ చీకటీ తెలుస్తాయి. అంతే."

"మీ అబ్బాయి పొద్దున్నించి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ కళ్ళే చూస్తాడు కదా."

"వాడు నా మొహం ఎప్పుడు చూశాడు గనక?"

కోడలు లీవర్ల వైపు చూసింది. నాలుగు నెలలు ఈ కుర్చీలో కూర్చుంది. "ఏం కనిపిస్తోందో నువ్వే చెప్పు, నేను చెప్పను, చెబుతూ ఉంటేనే కన్ను నిలుస్తుంది" అనేవాడు. కొక్కెం ఎక్కడుంది, పడవ ఎంత దూరం, కింద ఎవరు నిలబడ్డారు, అన్నీ చెప్పించేవాడు. ఎంత గొప్పగా నేర్పుతాడో మా మావయ్య, అని రేవంతా చెప్పుకుంది కూడా.

"అదంతా నేర్పడం కాదన్నమాట."

"నేర్పడమే. నాకు అవసరం కూడా. రెండూనూ." అన్నాడాయన. "ఈ నెలాఖరుకి నాకు ముప్పై ఏళ్ళు నిండుతాయి. ముందే బయటపడితే కళ్ళు పోయాయని ఉత్తచేతులతో పంపేస్తారు. ఆ ఒక్క ఏడాదీ లాగుదామనుకున్నా."

"నేనొచ్చింది నాలుగు నెలల కింద. అంతకు ముందు? పొద్దున ఊరుచూపు?"

మావగారు కొంచెం గర్వంగా ముక్కు మీద వేలు పెట్టుకున్నాడు.

"తోలు వాసనొస్తే ఉత్తరం గాలి. బెల్లప్పాకం వాసనొస్తే తూర్పు. సబ్బు వాసనయితే దక్షిణం. ఎంత ఘాటుగా ఉంటే అంత గాలి. ఈ ఊరు కళ్ళు మూసుకుంటే ఇంకా బాగా కనిపిస్తుందమ్మా. నేనేం ఊరికే చెప్పలేదు. బరువులంటావా, మసక చూపుతోనే చేతి అలవాటు మీద ఎత్తాను."

కోడలు పడమటి అద్దం వైపు చూసింది. ఫ్యాక్టరీ లేదు, గొట్టం లేదు, ఒట్టి నీళ్ళు. క్రేనుని ఊపేసేవన్నీ అటునుంచి వచ్చే గాలులే.

"సరస్సు గాలికి వాసనుండదు కదా మావయ్యా."

"ఉండదు."

"మరి?"

"దానికి గుమాస్తా ఉన్నాడు. వాడి మోకాళ్ళు చెబుతాయట. పడమటి గాలి లేస్తే చాలు, 'రేడియో, మోకాలు సలుపుతోంది, కొక్కెం పైకెత్తు' అని వాకీలో అరుస్తాడు. ఏడాదిలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఏం మోకాళ్ళో."

ఊరంతటికీ కట్టుకథలు చెప్పే మనిషి మోకాళ్ళ కథ నమ్మేశాడు. కోడలు తల పట్టుకుంది. జుట్టు కూడా పసుపయింది.

*

పది కొట్టేలోపే తనిఖీ ఆఫీసరు వచ్చాడు. బట్టతల, చంకలో పుస్తకం. ఇనప గొట్టాల కట్ట ఒకటి పడవలోంచి ఎత్తి ఒడ్డున పెట్టాలన్నాడు. కట్ట చుట్టూ గొలుసు వేయడానికి ఆరుగురు పడవలోకి దిగారు. ఆఫీసరు గుమాస్తా దగ్గర వాకీ తీసుకున్నాడు.

"ఏమ్మా, పెద్దాయన దిగడా?"

కోడలు నోరు తెరిచింది. ఒక్క మాట చెబితే చాలు. ఆ మాటకి ఆయన ముప్పై ఏళ్ళూ పోతాయి, తన నాలుగు నెలలూ పోతాయి. నా కళ్ళ ముందు పనిచేసింది అని చూపులేనివాడు సంతకం పెడితే ఎవరికి చెల్లుతుంది?

"నా పక్కనే ఉన్నారు సార్," అంది.

"మంచిదేలే. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను. ఆయన ఊరుచూపు విని బడికి వెళ్ళేవాణ్ణి. ఒక్కసారి చెప్పమను, ఆఖరిసారి. ఈలోగా నువ్వు కట్ట కొంచెం ఎత్తి ఉంచు, మిగతాది తర్వాత."

మావగారి మొహం వెలిగింది. మైకు ఎక్కడుందో ఆయన చేతికి తెలుసు. కిటికీ అద్దం జరిపి, ఊపిరి నిండా పీల్చాడు.

"ఊరి జనాలారా," అన్నాడు. "ఉత్తరాన తోళ్ళ పొగ నిటారుగా నిలబడింది, పెళ్ళికొడుకులా. తూర్పున చక్కెర మిల్లు పొగ బద్ధకంగా లేస్తోంది. దక్షిణాన సబ్బు పొగ కదలట్లేదు. పడమట సరస్సు అద్దంలా ఉంది. మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు."

కోడలు పడమటికి చూసింది.

దూరంగా నీళ్ళ మీద నల్లటి గీత. సన్నగా, ఒడ్డు నుంచి ఒడ్డుకి. దాని అవతల ఎవరో చేత్తో నిమిరినట్టు నీళ్ళ నిగనిగ పోయింది. జాలరి పడవల తెరచాపలు ఒక్కొక్కటే తిరుగుతున్నాయి. నాలుగు నిమిషాలు, మహా అయితే.

కింద కట్ట అప్పటికే పడవ అడుగు నుంచి మూరెడు లేచి ఉంది. ఆఫీసరు మాట మీద తనే ఎత్తి ఉంచింది. దాని చుట్టూ ఆరుగురు.

పైగది వాకీ తన చేతిలో ఉంది. దాంట్లో గుట్టుగా చెప్పొచ్చు. కానీ కింది వాకీ ఆఫీసరు చేతిలో ఉంది, పడవలోని వాళ్ళ దగ్గర లేదు. ఆయన విని, అడిగి, నమ్మి, వాళ్ళకి చెప్పేలోగా గాలి వస్తుంది. వాళ్ళకి వినిపించేది ఒక్క మైకే. మైకులో చెబితే ఊరంతటికీ వినపడుతుంది, రేడియో ఇప్పుడే అబద్ధం చెప్పాడని.

ఆవిడ మావగారి చేతిలోంచి మైకు లాక్కుంది.

"పడమర గాలి. సరస్సు మీద నల్లగీత. నాలుగు నిమిషాలు. పడవలో ఉన్నవాళ్ళంతా ఒడ్డుకి రండి. కట్ట దించేస్తున్నా."

లీవరు తిప్పింది. కట్ట నీళ్ళ కుండలా మెత్తగా పడవలో కూర్చుంది. ఆరుగురూ ఒడ్డుకి దూకారు.

మావగారు ఖాళీ చేతిని అలాగే గాల్లో పట్టుకుని ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే కింద గుమాస్తా జేబులో ఫోను మోగింది. ఆయనకి చెవులు వినపడవు కదా, ఫోను ఎప్పుడూ స్పీకరులోనే పెడతాడు. పక్కన ఆఫీసరు వాకీ బొత్తాం నొక్కి పట్టుకునే ఉన్నాడు. దాంతో ఆ గొంతు నూట నలభై మెట్ల పైకి కూడా తేటగా వినిపించింది.

"అన్నయ్యా, పడమర గాలి లేచింది. నీ మోకాలు సలుపుతోందని ఆయనకి చెప్పు, తొందరగా."

అత్తగారు.

పైగదిలో మావగారు వాకీ వైపు మొహం తిప్పాడు. కోడలు అద్దంలోంచి చూసింది. దూరంగా మేడ మీద ఆ చీమంత మనిషి. తాడు మీద ఒక్క బట్ట కూడా లేదు.

"దానికి తెలుసా?" అన్నాడు మావగారు మెల్లిగా. "ఏడాదిగా?"

తనిఖీ తేదీ తెలిసిన రోజునుంచీ అత్తగారు ఎక్కొద్దు అన్నది ఎందుకో, తొమ్మిది రోజులకి ఇప్పుడు కోడలికి అర్థమైంది. పరీక్షంటే ఆఫీసరు కన్ను పైగది మీద పడుతుంది. పడితే ఇదిగో, ఇదే అవుతుంది.

వాకీలో ఆఫీసరు గొంతు వినిపించింది. బడికెళ్ళే కుర్రాడి గొంతు కాదది.

"అమ్మాయ్, నేనొకటే అడుగుతాను. నీకు నేర్పిన మనిషికి చూపు లేదని నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

ఇవాళే అంటే, నాలుగు నెలలు పక్కన కూర్చుని పక్కవాడి కళ్ళే కనిపెట్టలేని మనిషి, అలాంటిదానికి క్రేను ఎవరిస్తారు? ముందే తెలుసంటే అబద్ధాలకోరు. ఎటు తిప్పినా లీవరు ఒక్కవైపుకే పడుతోంది. చిరాకుతో ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంతమంది కలిసి తనని ఒక్కదాన్నీ ఇక్కడ కూర్చోబెట్టారు.

"ఇవాళే సార్," అంది. "గంటన్నర అయింది."

ఆఫీసరు పుస్తకం మూసిన చప్పుడు వినిపించింది.

"ఆ అమ్మాయికేం తెలీదు," అంది ఫోనులోంచి అత్తగారి గొంతు. పొయ్యితో కాదు, కుళాయితో కాదు. "తెలిసింది నాకు. ఏం రాసుకుంటారో నా పేరు మీద రాసుకోండి."

"మీరెవరమ్మా?"

"ఏడాదిగా ఊరుచూపు చెప్పేదాన్ని," అంది అత్తగారు. "ఆయన మైకులో చెప్పింది ఊరు విన్నది. గుమాస్తా లాగుబుక్కులో రాసింది నేను చెప్పింది. తీసి చూసుకోండి, ఒక్క గాలి తప్పుంటే అడగండి. ఆ పిల్ల ఇప్పుడు చెప్పిందీ, నేను చెప్పిందీ ఒకటేనా కాదా?"

ఆఫీసరు లాగుబుక్కు కాగితాలు తిప్పుతున్న చప్పుడు వస్తోంది. ఒక పేజీ. ఇంకో పేజీ.

"మావయ్యా, విన్నారా," అంటూ కోడలు ఇటు తిరిగింది.

కుర్చీ ఖాళీగా ఉంది.

మావగారు నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, చేతులతో తడుముకుంటూ అడుగు తలుపు గడియ తీస్తున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"దిగుతున్నా."

"ఇప్పుడా?"

"నన్ను గుడ్డివాణ్ణి చేసి, గుమాస్తా మోకాలు అని కథలు చెప్పించి, ఏడాదిగా మేడ మీద నవ్వుకుంటోందా? దాని మొహం మీదే అడుగుతాను."

"నవ్వుకోలేదు మావయ్యా. మిమ్మల్ని కాపాడింది."

"అదీ అడుగుతాను."

పొద్దున్నించీ ఊరంతా బతిమాలితే దిగనివాడు, దిగకూడని ఒకే ఒక్క నిమిషంలో తలుపు ఎత్తి, చెప్పులేని కాలు కిందికి వేలాడేశాడు. కొత్త మెట్టు ఎక్కడుందో ఆ కాలు గాల్లో వెతుక్కుంటోంది. నల్లగీత రేవు గోడ దాటింది. కొక్కెం గొలుసు గలగలమంది.

కోడలు నేల మీదికి దూకి, పసుపు చేతులు రెండిటితో ఆయన చొక్కా కాలరు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే క్రేను మొదటిసారి ఊగింది.